ఉషస్తి వద్దన్న నీళ్ళు

శ్రీకాళహస్తికి ఎగువన, స్వర్ణముఖి ఒడ్డున ఒక చిన్న శివాలయంలో నేను అర్చకుణ్ణి. తాతగారి నుంచి నాన్నగారికి, ఆయన నుంచి నాకు వచ్చిన బాధ్యత ఇది. రెండు కనుబొమల మధ్యకు సరిగ్గా వెనక, పుర్రె అడుగున, పిట్యూటరీ గ్రంథిలో నాకొక గడ్డ పెరిగింది. క్యాన్సరు కాదు. డాక్టర్లు ముక్కులోంచి వెళ్ళి దాన్ని తీశారు. తల మీద ఒక్క గాటు లేదు. చూడవచ్చినవాళ్ళంతా నా ధైర్యం గురించి అడిగారు. నన్ను నిద్రపోనివ్వనిది భయం కాదు, ఒక ధర్మసందేహం.

ఆపరేషనుకు ముందు సంతకం పెట్టించుకునే కాగితంలో, అవసరమైతే జంతువుల నుంచి తయారైన పదార్థాలు వాడవచ్చునని ఒక వాక్యం ఉంది. అవేమిటని అడిగాను. మెదడు కప్పు మీద చిల్లి పడితే పూడ్చడానికి వాడే పొర ఒకటి ఆవు కాలి స్నాయువు నుంచి తీసిన కొలాజెన్‌తో చేస్తారట. రక్తం ఆపడానికి వాడే స్పాంజి పంది చర్మపు జెలటిన్‌తో చేస్తారట. ఆ రాత్రంతా ఒకటే ఆలోచన. అది తలలో పెట్టుకుని నేను గర్భగుడిలో నిలబడి రుద్రం చెప్పవచ్చునా? చెప్పకూడదంటే ప్రాణం మాటేమిటి? చెప్పవచ్చునంటే ఇన్నేళ్ళు ఇంట్లో, గుడిలో పాటించిన నియమానికి అర్థమేమిటి?

జబ్బు ఎలా బయటపడిందో ముందు చెప్పాలి. తీర్థం ఇస్తూ వెళుతుంటే పక్కన చెయ్యి చాపినవాళ్ళు నాకు కనబడేవారు కాదు. వాళ్ళను దాటి ముందుకు పోయేవాణ్ణి. పంతులుకు కళ్ళు నెత్తికెక్కాయని ఊళ్ళో అనుకున్నారు. హారతి పళ్ళెం స్తంభానికి తగిలేది. గర్భగుడిలో మాత్రం ఏ లోటూ తెలియలేదు. స్వామి ఎదురుగా ఉంటాడు కదా, ఎదురుగా ఉన్నదంతా స్పష్టంగానే కనబడేది. తిరుపతిలో కళ్ళ డాక్టరమ్మ అద్దాలు మార్చలేదు. ఒక్కో కన్ను మూసి, చుట్టూ వెలిగే చుక్కలను చూసి మీట నొక్కమంది. రెండు కళ్ళకూ బయటి వైపు సగం చీకటిగా తేలింది. వెంటనే తలకు ఎమ్మారై తీయించమంది.

రెండు కంటినరాలూ మెదడులోకి వెళ్ళే దారిలో ఒకచోట కలుస్తాయి. బయటి వైపు చూపును మోసే పోగులు అక్కడ కుడివి ఎడమకు, ఎడమవి కుడికి దాటతాయి. ఆ కూడలికి సరిగ్గా కింద, ఎముకలో గుంట చేసుకుని, శనగగింజంత గ్రంథి కూర్చుని ఉంటుంది. బరువు అర గ్రాము. థైరాయిడ్‌కూ, మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులకూ, సంతానానికి సంబంధించిన గ్రంథులకూ ఆజ్ఞలు వెళ్ళేది అక్కడి నుంచే. నా గడ్డ పైకి పెరిగి ఆ కూడలిని కింద నుంచి ఒత్తుతోంది. అలాగే వదిలేస్తే చూపు మొత్తం పోతుంది. ప్రొలాక్టిన్ ఎక్కువగా తయారుచేసే గడ్డలైతే చాలావరకు మాత్రలకే కరుగుతాయట. నాది ఆ రకం కాదు.

ముక్కు దారి ఎందుకో ఆపరేషను చేసిన ఆసుపత్రిలో చెవి ముక్కు గొంతు డాక్టరుగారు బొమ్మ గీసి చూపించారు. ముక్కు వెనక స్ఫినాయిడ్ అనే గాలిగది ఉంటుంది. దాని వెనక గోడ పలచని ఎముక. ఆ ఎముకకు అవతలే గ్రంథి. పైనుంచి పుర్రె తెరిస్తే అక్కడికి చేరడానికి మెదడును ఎత్తి పట్టుకోవాలి. కింద నుంచి వస్తే మెదడును ముట్టుకునే పనే లేదు. నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న ఎండోస్కోపు ఒక రంధ్రంలోంచి, పనిముట్లు రెండు రంధ్రాల్లోంచి. ఆయనా, న్యూరోసర్జనూ ఇద్దరూ కలిసి చేస్తారు. శిరస్సుకు ముక్కే ద్వారమని ఆయుర్వేదం నస్యకర్మ చెప్పేచోట అంటుంది. రోజూ సంధ్యలో అదే ముక్కు పట్టుకుని ప్రాణాయామం చేసేవాణ్ణి, దాని వెనక ఏముందో ఎన్నడూ ఆలోచించలేదు.

ఈ దారి చరిత్ర ఆయన చెబుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. 1907లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్ మొదటిసారి ముక్కు వైపు నుంచి ఈ గ్రంథిని చేరాడు. అందుకోసం ముక్కును కోసి పక్కకు తిప్పాల్సివచ్చింది. 1910లో వియన్నాలో ఆస్కార్ హిర్ష్ ముక్కు రంధ్రంలోంచే వెళ్ళాడు. అమెరికాలో హార్వే కుషింగ్ పైపెదవి కింద కోసి, ముక్కు నడిమి గోడ వెంట వెళ్ళి రెండు వందల మందికి పైగా చేశాడు. ఆ తరవాత ఆ దారి వదిలేసి, పుర్రె తెరిచే పద్ధతికి మారిపోయాడు. అంతటివాడు వదిలేశాక లోకం కూడా చాలావరకు వదిలేసింది. వదలనివాళ్ళలో ఒకడు కుషింగ్ దగ్గర నేర్చుకున్న నార్మన్ డాట్. ఎడిన్‌బరోలో కూర్చుని చేస్తూనే ఉన్నాడు. 1956లో పారిస్ నుంచి జెరార్ గ్యో వచ్చి డాట్ దగ్గర చూశాడు. గ్యో దగ్గర మాంట్రియల్‌కు చెందిన జూల్స్ హార్డీ నేర్చుకుని, 1960లలో దానికి ఆపరేషన్ మైక్రోస్కోపు తోడుచేశాడు. మళ్ళీ లోకమంతా ఆ దారి పట్టింది. 1992లో ఫ్రాన్సులోని నాన్సీలో యాంకోవ్‌స్కీ బృందం మైక్రోస్కోపు లేకుండా ఎండోస్కోపుతోనే చేసి చూపింది. 1997లో పిట్స్‌బర్గ్ నుంచి జో, కర్రావ్ యాభైమంది రోగుల అనుభవం ప్రకటించారు.

ఇది వింటుంటే నాకు మన వేదశాఖలు గుర్తొచ్చాయి. సామవేదానికి వెయ్యి శాఖలని పతంజలి మహాభాష్యంలో చెప్పాడు. ఇవాళ వినబడేవి కౌథుమం, రాణాయనీయం, జైమినీయం మాత్రమే. తక్కినవి చెప్పేవాళ్ళు లేక పోయాయి. ఒక శాఖ నిలిచిందంటే ఎక్కడో ఒక గురువు, వినడానికి ఎవరూ రాని కాలంలో కూడా వల్లె వేస్తూనే ఉన్నాడన్నమాట. నా రెండు కళ్ళూ డాట్ అనే ఒక మనిషి మానకపోవడం మీద నిలిచాయి. ఆయన పేరు నా తర్పణంలో చేర్చుకోవచ్చునా అని కూడా ఆలోచించాను. కారుణ్య పితృదేవతలకు వదిలేటప్పుడు ఆయన్ను తలుచుకుంటున్నాను. అది తప్పని ఎవరన్నా అంటే వినను.

ఇక సందేహం సంగతి. మా అమ్మాయి, “నాన్నా, నువ్వెందుకు అడిగావు? అడక్కపోతే తెలిసేదే కాదు, తెలియకపోతే దోషమే లేదు” అంది. చదువుకున్న పిల్ల, ప్రేమతో అన్న మాట. కానీ దోషం అంటకుండా ఉండడానికి కళ్ళు మూసుకోవడం ధర్మం ఎలా అవుతుంది? తెలియక చేసినదానికి ప్రాయశ్చిత్తం తేలికంటే, తెలుసుకునే వీలు లేనప్పటి మాట అది. అడిగితే చెప్పే మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా అడక్కపోవడం తెలియకపోవడం కాదు.

మా మామయ్యగారు ఘనపాఠి. ఫోన్‌లో ఆయన, “వైద్యుణ్ణి నారాయణుడనుకో, మందును గంగ అనుకో, సంతకం పెట్టేయ్. కన్నప్ప పెట్టిన మాంసం తిన్న స్వామికి ఎదురుగా బతుకుతూ ఈ సందేహాలేమిటయ్యా?” అన్నారు. ఆయన మాట నేనెప్పుడూ జవదాటలేదు. అయినా కన్నప్ప కథ నా ప్రశ్నకు జవాబు కాదనిపించింది. కన్నప్ప నియమం తెలిసి దాటినవాడు కాదు. తనకు రుచించినదే స్వామికి పెట్టాడు, తన కన్నే పెకలించి ఇచ్చాడు. అక్కడ ఉన్నది ప్రేమ ఒక్కటే. నాది ప్రాణభయం. నా భయానికి ఆయన ప్రేమను సాక్ష్యం తెచ్చుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఆపదలో పడి, నియమం తెలిసి కూడా దాటినవాడి కథ కావాలి నాకు. అది ఛాందోగ్యంలో ఉంది. ఆ ఉపనిషత్తు నిలిచిన ఆ సామశాఖల్లోదే.

కురుదేశంలో వడగళ్ళు పడి పంటలు నాశనమయ్యాయి. ఉషస్తి చాక్రాయణుడు భార్యతో కలిసి ఏనుగులవాళ్ళ ఊరు చేరాడు. ఆకలితో ప్రాణం పోయేలా ఉంది. ఒక మావటి గుగ్గిళ్ళు తింటుంటే అడిగాడు. ఇవి తప్ప వేరే లేవు, ఇవేమో నేను తింటున్న ఎంగిలివి అన్నాడు మావటి. అవే పెట్టమన్నాడు ఉషస్తి. పెట్టి, నీళ్ళు కూడా ఇదిగో అన్నాడు. నీళ్ళు ఎంగిలివి, వద్దన్నాడు ఉషస్తి. గుగ్గిళ్ళు మాత్రం ఎంగిలివి కావా అని మావటి అడిగాడు. అవి తినకపోతే బతకను, నీళ్ళు నాకు ఎక్కడైనా దొరుకుతాయి. ఇదీ ఉషస్తి జవాబు.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు నాకు గుగ్గిళ్ళే గుర్తున్నాయి. ఆపదలో ఏదైనా తినవచ్చునని చెప్పే కథ అనుకునేవాణ్ణి. ఆసుపత్రి మంచం మీద పడుకున్న ఆ రాత్రి నీళ్ళు కనబడ్డాయి. గుగ్గిళ్ళు తీసుకున్న మరుక్షణమే, అదే చేతి నుంచి వచ్చిన నీళ్ళను ఆయన వద్దన్నాడు. ఎలాగూ నియమం పోయింది కదా, ఇంకేముందిలే అనుకోలేదు. నియమం పోలేదు. ఒక్క ముద్ద మేరకు పక్కకు జరిగింది, ముద్ద దిగగానే మళ్ళీ తన చోటికి వచ్చింది. బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం చివరి పాదంలో ఈ విషయమే చర్చకు వచ్చినప్పుడు, ప్రాణం పోయే వేళ మాత్రమే ఏ అన్నమైనా తినే అనుమతి ఉందని తేల్చారు. శంకరులు అక్కడ ఉషస్తినే చూపిస్తారు.

ఆ కథలో నాకు ఇంకో ధైర్యం కూడా దొరికింది. మిగిలిన గుగ్గిళ్ళు భార్యకిస్తే ఆవిడ దాచింది. మర్నాడు తెల్లవారి ఆ ఎంగిలి చద్దినే తిని ఉషస్తి రాజుగారి యజ్ఞానికి వెళ్ళాడు. అక్కడ సామం పాడబోతున్న ఋత్విజులను, మీరు పాడేదానికి దేవత ఎవరో తెలియకుండా పాడితే తల రాలిపోతుందని నిలదీశాడు. రాజు ఆయన్నే పనికి పెట్టుకున్నాడు. నిన్న మావటి ఎంగిలి తిన్న నోటితో ఇవాళ యజ్ఞంలో కూర్చోవడానికి నీకు అర్హత ఉందా అని ఉపనిషత్తులో ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున ఆ చెవి ముక్కు గొంతు డాక్టరుగారితో కూర్చున్నాను. ఆయన ముస్లిం. నా ప్రశ్నను ఆయన తేలిగ్గా తీసుకోలేదు. “మా పెద్దవాళ్ళూ ఇదే అడుగుతారు సామీ, వాళ్ళు పంది గురించి అడుగుతారు” అన్నారు. గత్యంతరం లేనివాడు, కోరికతో కాకుండా, అవసరం మించకుండా తింటే పాపం లేదని ఖురాన్‌లో ఉందట. అవసరం మించకుండా అన్నచోట నాకు ఉషస్తి నీళ్ళు గుర్తొచ్చాయి. కథ ఆయనకు చెప్పాను. ఆయన కాసేపు ఆగి, “అయితే ఇందులో గుగ్గిళ్ళేవో, నీళ్ళేవో చూద్దాం” అన్నారు.

ఆయన చెప్పిన లెక్క ఇది. గ్రంథికి రెండు పక్కలా కావర్నస్ సైనస్ అనే సిరల గూడు ఉంటుంది, అందులోంచే మెదడుకు వెళ్ళే పెద్ద ధమనులు పోతాయి. అక్కడి నుంచి రక్తం ఉబికితే ఆలోచించే వ్యవధి ఉండదు, జెలటిన్ నురగ వెయ్యాలి. పత్తిలాంటి మొక్కల నుంచి తీసిన అల్లిక కూడా ఒకటి ఉంది. చాలినంతవరకు అదే వాడతారు, చాలకపోతే ఆగరు. అవి గుగ్గిళ్ళు. చిల్లి పూడ్చడం వేరే సంగతి. గడ్డ తీసేటప్పుడు మెదడు చుట్టూ ఉండే నీరు కారితే, ఆ కన్నం గట్టిగా మూయకపోతే ముక్కులోంచి సూక్ష్మజీవులు పైకెక్కి మెనింజైటిస్ వస్తుంది. మూయడానికి ఆవు కొలాజెన్ సులువు, డబ్బా విప్పి వేయడమే. కానీ తప్పనిసరి కాదు. తొడ కండరం మీద ఉండే గట్టి తెల్లపొర ఉంది, తొడలో కొవ్వు ఉంది. ముక్కు నడిమి గోడ మీది పొరను దాని రక్తనాళంతో సహా లేపి, వెనక్కి తిప్పి, కన్నం మీద పరిచే పద్ధతి ఉంది. అది అర్జెంటీనాలోని రొసారియోలో హదాద్, బస్సగస్తెగి రూపొందించింది, 2006లో ప్రకటించారు. ఆ పొర బతికే ఉంటుంది కాబట్టి అతుక్కుంటుంది. అది వచ్చాకే ఈ దారిన పెద్ద పెద్ద గడ్డలు తీసే ధైర్యం సర్జన్లకు వచ్చిందట. తొడకు ఒక కోత, కొన్ని రోజుల నొప్పి, ఆపరేషన్‌కు ఇంకాస్త సమయం. అంటే నీళ్ళు నా దగ్గరే ఉన్నాయి. నా తొడ కోయమన్నాను. రక్తం సంగతి మీ చేతిలో ఉంది, అక్కడ నన్ను తలుచుకోకండి అన్నాను. రెండు మాటలూ ఆయన నా కాగితం మీద రాసి, న్యూరోసర్జన్ గారి చేత కూడా చదివించారు.

సర్జన్ చేతిని కట్టేసే హక్కు రోగి నియమానికి లేదు. కత్తి లోపల ఉండగా ఆయన నా శాస్త్రం గుర్తుచేసుకుంటూ ఒక్క క్షణం తటపటాయించినా ఆ దోషం నాదవుతుంది. అందుకే అడగవలసిందంతా ముందే అడగాలి. ముందే అడిగి, ఎక్కడ ఒప్పుకున్నామో, ఎక్కడ వద్దన్నామో రాసిపెట్టి, తరవాత పూర్తిగా వదిలేయాలి.

మెలకువ వచ్చాక రెండు సంగతులు చెప్పారు. నీరు కారింది, తొడ పొరతో, ముక్కు పొరతో మూశారు. రక్తం కూడా ఉబికింది, జెలటిన్ వేయక తప్పలేదు. ఆ మాట విని నాకు కష్టం కలగలేదు. ఆ జీవికి మనసులో నమస్కారం చేశాను. కట్లు విప్పిన రోజు వార్డులో కిటికీ పక్కన కూర్చున్న మా ఆవిడ, ఆమె పక్కన తలుపు, తలుపు దగ్గర నర్సమ్మ అందరూ ఒకేసారి కనబడ్డారు.

తరవాత వచ్చిన నిషేధాలు నేను ఊహించనివి. ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ముక్కకూడదు. ముందుకు వంగకూడదు, అంటే సాష్టాంగం లేదు. ప్రాణాయామం లేదు, శంఖం ఊదడం లేదు. లోపల పూడ్చినచోట గాలి ఒత్తిడి తగిలితే ఊడిపోతుంది, మెదడు చుట్టూ గాలి చేరుతుంది. వాసన కూడా పోయింది. కర్పూరం, మారేడు, విభూతి అన్నీ ఒకటే. నేను ఒంటితో చేసే పూజలో సగానికి సగం ఆగిపోయింది. గుడిలో మా తమ్ముడి కొడుకు చేశాడు. నేను మంచం మీద మానసపూజ చేసుకున్నాను.

వాసన పోయిన నెలల్లో ఒకటి గమనించాను. పూలు స్వామికి పెట్టకముందు వాసన చూడకూడదన్నది మాకు చిన్నప్పుడే నేర్పుతారు. సన్నజాజుల బుట్ట ఎదురుగా ఉన్నా ఆ కాలంలో ఆ నియమం నాకు లేనట్టే అయింది. పాటించానని చెప్పుకోవడానికి అక్కడ ఏమీ లేదు. దొరికే నీళ్ళను వద్దంటేనే అది ఉషస్తి వద్దనడం అవుతుంది. ఎడారిలో నీళ్ళు వద్దన్నానంటే ఎవరు నమ్ముతారు? వాసన మెల్లగా, కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. మొదట తెలిసింది కర్పూరం. జాజులు తెలిసిన రోజు బుట్టను దూరంగా జరిపాను. నియమం మళ్ళీ నాదైందని సంతోషించాను.

వంగవచ్చునని డాక్టరుగారు చెప్పిన రోజు నుంచి సాష్టాంగం మొదలుపెట్టాను. ఆ ముందు రోజు చేసి ఉంటే అది భక్తి కాదు, మొండితనం. ఆ తరవాతి రోజుకు వాయిదా వేసి ఉంటే బద్ధకం. ఊళ్ళో ఒక పెద్దాయన, ముక్కు కోయించుకున్నవాడు అంగవైకల్యం ఉన్నవాడు కదా, స్వామిని ముట్టవచ్చునా అన్నారు. ఆయన కోపంతో అడగలేదు, గుడి మీద ప్రేమతో అడిగారు. ఉషస్తి మర్నాటి యజ్ఞం కథ చెప్పాను. పుణ్యాహవాచనం చేసుకుని లోపలికి వెళ్ళాను.

అయితే ఆ కథ నన్ను ఇంకా వదలలేదు. ఇప్పుడు మందుల షాపులో క్యాప్స్యూల్ ఇస్తే ఆపి అడుగుతున్నాను, ఆ పైగొట్టం జెలటిన్‌దేనా అని. అదే మందు మాత్రగా దొరికితే మాత్రే తీసుకుంటాను. దొరక్కపోతే క్యాప్స్యూల్ మింగుతాను. మందుల సంగతి ఇలా తేలిపోయింది. గుడి సంగతి తేలలేదు. గర్భగుడిలో నా చుట్టూ చూస్తే శంఖం ఒక జీవి ఇల్లు. డోలు తోలుది. గంధంలో కలిపే కస్తూరి, గోరోజనం జంతువులవే. స్వామి కట్టిందే తోలు. ఇవన్నీ శాస్త్రం చెప్పినవి, వాటిని కాదనే అధికారం నాకు లేదు, కాదనాలనీ లేదు. కానీ పట్టు దగ్గర ఆగిపోతున్నాను. పట్టుపురుగును గూటిలో ఉండగానే ఉడికించి దారం తీస్తారు. పక్కనే నూలు ఉంది. పురుగు ఎగిరిపోయాక తీసే అహింసా పట్టు కూడా ఇప్పుడు దొరుకుతోంది, ఖరీదు ఎక్కువ. శివరాత్రి కల్యాణానికి ఏ వస్త్రం తేవాలని ఆలయ కమిటీ అడిగితే నూలు పంచెలు, లేదా ఆ పట్టు తెమ్మన్నాను. తరతరాల ఆచారమని సగం మంది ఒప్పుకోలేదు. ఆవు పొర వద్దని నా తొడ కోయించుకున్నవాణ్ణి, స్వామి పట్టు విషయంలో మాట్లాడకుండా ఎలా ఉంటాను? మామయ్యగారికి ఉత్తరం రాశాను. పట్టు మనకు గుగ్గిళ్ళా, నీళ్ళా అని ఆ ఒక్క ప్రశ్నే రాశాను. ఆయన ఆగమాలు తిరగేస్తున్నారని, శివరాత్రి లోపు చెబుతానన్నారని అత్తయ్యగారు చెప్పారు.